అక్షరమే కొలువుగా: మద్రాసు నుంచి మండలం దాకా

మన బడిలో చదివినవాళ్లలో డాక్టర్లు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, రైతులు, వ్యాపారులు ఎందరో ఉన్నారు. పత్రికల్లోనూ, పౌర సంబంధాల కార్యాలయాల్లోనూ పనిచేసి రిటైరైనవాళ్లు, ఇంకా పనిచేస్తున్నవాళ్లు కూడా మనలో ఉన్నారు. వారి గురించి మాట్లాడుకునేది తక్కువ. "ఫలానావారబ్బాయి పేపర్లో పనిచేస్తున్నాడు" అంటే మన ఊళ్లలో గౌరవంగా చూస్తారు. ఆ వెంటనే "జీతమేమైనా ఇస్తారా?" అని కూడా అడుగుతారు. ఆ గౌరవానికీ, ఈ అనుమానానికీ రెంటికీ చరిత్ర ఉంది. తెలుగువాడికి అక్షరంతో కొలువు ఎలా దొరుకుతూ వచ్చింది, ఎవరు ఇచ్చారు, ఏం చూసి ఇచ్చారు, ఆ కొలువులో భరోసా ఎంత అన్నది స్థూలంగా చెప్పుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఈ ఏడు పదో తరగతి దాటబోయే మన పిల్లల్లో ఇద్దరు ముగ్గురైనా ఈ దారి వైపు చూస్తూనే ఉంటారు. వారి కోసమైనా ఈ చరిత్ర ఒకచోట ఉండాలి.

ఉద్యోగం కాని రోజులు

కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో 'వివేకవర్ధని' మొదలుపెట్టింది 1874లో. రాసేదీ, అచ్చు చూసుకునేదీ, చందాలు వసూలు చేసేదీ ఆయనే. అటువంటి పత్రికలో ఉద్యోగం అడిగే వీలు ఎక్కడుంది? 1902లో మచిలీపట్నంలో పుట్టిన 'కృష్ణా పత్రిక'దీ దాదాపు అదే దారి. ముట్నూరి కృష్ణారావుగారు 1907 నుంచి 1945లో కన్నుమూసేవరకూ దానికి సంపాదకులు. అదొక జీవితవ్రతం, నెల తిరిగితే జీతం వచ్చే పని కాదు. ఇటు హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డిగారు 1926 మే 10న 'గోలకొండ పత్రిక' ప్రారంభించి, సంపాదకత్వం నుంచి ప్రూఫులు దిద్దడం వరకూ అన్నీ తానై నడిపారు. తెలుగు పత్రికే అరుదైన సంస్థానంలో అది ఏటికి ఎదురీత.

పత్రికలో పనిచేసేవాడికి సమాజం ఇచ్చే గౌరవం ఈ తరం సంపాదించి పెట్టినది. పత్రికలో పని అంటే సేవ, సేవకు జీతం అడగకూడదు అన్న భావన కూడా అప్పుడే పాతుకుపోయింది. స్వరాజ్యం వచ్చాక, పత్రికలు వ్యాపారాలైన తర్వాత కూడా ఆ భావన పోలేదు. దాని ఫలితం ముందు ముందు చూస్తాం.

మద్రాసు రైలు

తెలుగులో పత్రికా రచన ఒక ఉద్యోగంగా మారింది మద్రాసులో. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టిన 'ఆంధ్రపత్రిక' 1914 ఏప్రిల్ 1 నుంచి మద్రాసులో దినపత్రిక అయింది. దినపత్రిక ఒక్కరి చేతిమీద నడిచేది కాదు. రోజూ టెలిగ్రాములు చూడాలి, ఇంగ్లీషు వార్తను తెలుగు చెయ్యాలి, ప్రూఫులు దిద్దాలి. అందుకు నెలజీతం మీద మనుషులు కావాలి. పంతులుగారికి అమృతాంజనం వ్యాపారం అండగా ఉండేది గనుక పత్రిక నిలబడింది.

1938 ఆగస్టు 15న రామనాథ్ గోయెంకా యాజమాన్యంలో అదే మద్రాసు నుంచి 'ఆంధ్రప్రభ' వెలువడింది. ఖాసా సుబ్బారావుగారు తొలి సంపాదకులు, 1942 నుంచి నార్ల వెంకటేశ్వరరావుగారు. అప్పుడు ఈ ఉద్యోగాల్లో చేరినవారి పేర్లు చూస్తే మన సాహిత్య చరిత్రే కనిపిస్తుంది. శ్రీశ్రీ 'ఆంధ్రప్రభ'లో సబ్ ఎడిటర్‌గా పనిచేశారు. కొడవటిగంటి కుటుంబరావు 'ఆంధ్రపత్రిక' వారపత్రికలో ఉండి, 1952లో 'చందమామ'కు వెళ్లి చివరిదాకా అక్కడే ఉన్నారు. ముళ్లపూడి వెంకటరమణ, బాపు ఇద్దరూ 'ఆంధ్రపత్రిక'లో ఉద్యోగం చేసినవారే. కథ రాసేవాడికీ, పద్యం చెప్పేవాడికీ నెలసరి జీతం దొరికే చోటు అప్పట్లో పత్రికే.

ఆ కొలువులు ఎలా దొరికేవి? ఎక్కువగా పరిచయం మీద. అచ్చయిన కథ చూసో, తెలిసినవారు ఇచ్చిన ఉత్తరం చూసో సంపాదకుడు కబురుచేస్తే, ట్రంకుపెట్టె సర్దుకుని మద్రాసు రైలెక్కాలి. ఇంగ్లీషులో దిట్టలైనవారు మరింత దూరం వెళ్లారు. విజయనగరంవారైన సి.వై. చింతామణి అలహాబాదులో 'లీడర్' పత్రికకు సంపాదకులయ్యారు. చీరాలవారైన కోటంరాజు రామారావు 1938లో లక్నోలో 'నేషనల్ హెరాల్డ్' తొలి సంపాదకులు. ఆ కుర్చీలోనే 1946 నుంచి మూడు దశాబ్దాలు మరో తెలుగువారు ఎం. చలపతిరావు కూర్చున్నారు. ప్రతిభ ఉన్నవారికి తలుపు తెరుచుకున్న మాట నిజమే. అయితే ఆ తలుపు దాకా వెళ్లగలిగింది ఇంగ్లీషు చదువు, పట్నంలో పరిచయాలు ఉన్న కొద్ది కుటుంబాలవారే. పల్లెటూరి బడిలో చదువుకున్నవాడికి, దళితుడికి, స్త్రీకి ఆ తలుపు ఉన్నట్టే తెలియదు.

విజయవాడ, అనువాద పరీక్ష

ఆంధ్రరాష్ట్రం, తర్వాత ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కాలంలో పత్రికలూ సొంతగడ్డకు చేరాయి. 1952లో 'విశాలాంధ్ర' విజయవాడలో పుట్టింది. మద్రాసులో సమ్మె జరిగిన తర్వాత 'ఆంధ్రప్రభ' విజయవాడ చేరుకుంది. 1960 జులై 1న నార్ల సంపాదకత్వంలో అక్కడే 'ఆంధ్రజ్యోతి' మొదలైంది. దాంతో మద్రాసు రైలు బదులు బెజవాడ బస్సెక్కితే సరిపోయే రోజులు వచ్చాయి.

ఉద్యోగం ఇచ్చే పద్ధతి కూడా అక్కడే కుదురుకుంది. వార్తలు టెలిప్రింటర్ మీద పి.టి.ఐ., తర్వాత యు.ఎన్.ఐ. నుంచి ఇంగ్లీషులో వచ్చిపడేవి. వాటిని గంటల్లో తెలుగు చెయ్యడమే సబ్ ఎడిటర్ అసలు పని. కనుక పరీక్ష కూడా అదే. ఉద్యోగం అడగడానికి వచ్చినవాడి చేతిలో ఒక టెలిప్రింటర్ కాగితం పెట్టి, ఆ మూల బల్ల దగ్గర కూర్చుని తెలుగు చెయ్యమనేవారు. డిగ్రీ కాగితం తర్వాత చూసేవారు. ఇంగ్లీషు వాక్యాన్ని విరిచి, బండి తోలేవాడికి కూడా అర్థమయ్యే తెలుగు వాక్యం కట్టగలిగాడా లేదా అన్నదే లెక్క. గ్రాంథికం పోయి వాడుకభాష పత్రికల్లో స్థిరపడటానికి నార్ల వంటి సంపాదకుల పట్టుదల ఎంత కారణమో, రోజూ రాత్రి ఆ బల్లల దగ్గర పనిచేసిన సబ్ ఎడిటర్ల చెమట కూడా అంతే కారణం.

1954లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం శాఖ ప్రారంభమైంది. పత్రికా రచనను తరగతి గదిలో నేర్పవచ్చునన్న ఆలోచన తెలుగు నేల మీద అలా మొదలైంది. అయినా చాలాకాలం డెస్కుల్లో పెద్దవాళ్లు డిప్లొమా కంటే అనువాదాన్నే నమ్మారు.

చట్టం ఇచ్చిన హోదా

సేవ అనుకున్నదాన్ని ఉద్యోగంగా గుర్తించింది 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం. మొదటి ప్రెస్ కమిషన్ నివేదిక తర్వాత వచ్చిన ఈ చట్టం సంపాదకుడి నుంచి ప్రూఫ్ రీడర్ వరకూ పత్రికా రచయిత అంటే ఎవరో నిర్వచించింది. నాలుగు వారాల్లో 144 గంటలకు మించి పనిచేయించరాదంది. ఊరికే పొమ్మనడానికి వీల్లేకుండా, సంపాదకుడికైతే ఆరు నెలలు, మిగతావారికి మూడు నెలలు నోటీసు ఇవ్వాలంది. గ్రాట్యుటీకి వీలు కల్పించింది. జీతాలు తేల్చడానికి వేతన మండళ్లు ఏర్పాటయ్యాయి. పాలేకర్, బచావత్, మణిసానా అన్న పేర్లు పాతతరం పాత్రికేయుల ఇళ్లలో చుట్టాల పేర్లంత పరిచయం. వేతన మండలి సిఫారసు అమలైతే ఆ ఏడు ఇంట్లో పెళ్లి చేసేవారు, లేదా స్థలం కొనేవారు.

చివరిదైన మజీఠియా సిఫారసులను కేంద్రం 2011 నవంబరులో నోటిఫై చేసింది. యాజమాన్యాలు కోర్టుకు వెళ్లగా 2014 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ సిఫారసులను సమర్థించింది. అయితే అప్పటికే చాలాచోట్ల కొత్తగా చేరేవారిని కాంట్రాక్టు కాగితం మీద తీసుకోవడం మామూలైపోయింది. చట్టం ఉండేది, దాని కింద నిలబడేవాళ్లు తగ్గారు.

పత్రిక మన ఊరికి వచ్చింది

మన పూర్వ విద్యార్థుల సంఘం మొదలైన రోజులకు అటూ ఇటుగానే, 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో 'ఈనాడు' వెలువడింది. అంతకుముందు విశాఖ పాఠకుడికి విజయవాడ పత్రిక చేరేసరికి పొద్దెక్కేది. తెల్లవారకముందే పత్రిక గుమ్మంలో ఉండాలన్న లెక్కతో రామోజీరావు అచ్చు యంత్రాన్నే పాఠకుడి దగ్గరకు తెచ్చారు. మరుసటి ఏడు హైదరాబాదు, తర్వాత విజయవాడ, తిరుపతి ఎడిషన్లు వచ్చాయి. 1984 చివర దాసరి నారాయణరావు 'ఉదయం', 1996లో 'వార్త', 2008 మార్చిలో ఒకేసారి 23 కేంద్రాల నుంచి 'సాక్షి', 2011 జూన్‌లో 'నమస్తే తెలంగాణ' వచ్చాయి. కొత్త పత్రిక వచ్చినప్పుడల్లా అన్ని డెస్కుల్లోనూ కుర్చీలు కదిలేవి, జీతాలు పెరిగేవి. ఆ ఏడు డిగ్రీ పూర్తిచేసినవాడు అదృష్టవంతుడు.

ఈ కాలంలోనే ఉద్యోగానికి సరైన ద్వారం ఒకటి ఏర్పడింది. అదే పత్రికల సొంత జర్నలిజం పాఠశాల. పత్రికలో ప్రకటన వస్తుంది, దరఖాస్తు పెట్టుకోవాలి, రాతపరీక్ష, ఇంటర్వ్యూ, ఆపైన స్టైపెండుతో శిక్షణ. పరీక్షలో మళ్లీ అదే అనువాదం, వర్తమాన విషయాలు, ఒక వ్యాసం. 'ఈనాడు' జర్నలిజం పాఠశాలకు బూదరాజు రాధాకృష్ణగారు ప్రిన్సిపాలుగా ఉండి ఎందరికో తెలుగు వాక్యం నేర్పారు. పరిచయం, సిఫారసు లేని పల్లెటూరి పిల్లలు వందలమంది ఈ ద్వారం గుండానే లోపలికి వచ్చారు. తెలుగు పత్రికల్లో ఉద్యోగాల చరిత్రలో పెద్ద మలుపు ఏదని అడిగితే, నా లెక్కన ఇదే.

స్త్రీల విషయంలో మలుపు ఆలస్యంగా వచ్చింది. మాలతీ చందూర్ 'ఆంధ్రప్రభ' వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికను దశాబ్దాల తరబడి నడిపి ఇంటింటి మనిషి అయ్యారు గానీ, దినపత్రిక డెస్కులో, రాత్రి షిఫ్టులో స్త్రీలు కనిపించడానికి చాలాకాలం పట్టింది. అర్ధరాత్రి పని ముగిశాక ఇంటికి చేర్చే బండి ఏర్పాటు చెయ్యడమన్న చిన్న విషయమే ఎందరికో అడ్డుగోడ అయింది. ఇటువంటి నేల మీదే 2001లో చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల మహిళలు 'నవోదయం' పత్రికను తామే వార్తలు సేకరించి, తామే రాసి నడపడం చిన్న సంగతి కాదు.

లైన్ అకౌంట్

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1,100కు పైగా మండలాలు. 1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది, మిగతా పత్రికలూ అనుసరించాయి. మన ఊరి బోరింగు చెడిపోతే, మన బడి గోడ కూలితే అచ్చులో కనిపించడం మొదలైంది. ఆస్ట్రేలియా పరిశోధకుడు రాబిన్ జెఫ్రీ భారతీయ పత్రికల విప్లవం గురించి 2000లో తెచ్చిన పుస్తకంలో ఈ తెలుగు అనుభవానికి ముఖ్యమైన చోటు ఇచ్చారు.

ఆ పేజీలు నింపడానికి మండలానికో విలేకరి కావాలి. స్ట్రింగర్, కంట్రిబ్యూటర్ అని పేర్లు ఏవైనా, ఆయన సంస్థ ఉద్యోగి కాదు. సాయంత్రానికి వార్తలు కాగితాల మీద రాసి, కవర్లో పెట్టి, ఆర్టీసీ బస్సు డ్రైవరుకో కండక్టరుకో అప్పగించేవారు. ఆ బస్సు తప్పితే ఆ రోజు వార్త తప్పినట్టే. తర్వాత ఫ్యాక్సు, ఆపైన కంప్యూటరు, ఇప్పుడు సెల్‌ఫోను. నెలాఖరున తాను రాసి అచ్చయిన వార్తలన్నీ కత్తిరించి, కాగితాలకు అంటించి, స్కేలు పెట్టి కాలమ్ సెంటీమీటర్లు కొలిచి పంపితే ఆ కొలత ప్రకారం డబ్బు వచ్చేది. దీన్నే లైన్ అకౌంట్ అనేవారు. పెట్రోలు ఖర్చులకు కూడా చాలని నెలలు ఉండేవి. పైగా కొన్ని సంస్థలు ప్రకటనలు తెమ్మని, చందాదారులను చేర్పించమని లక్ష్యాలు పెట్టాయి. ఉదయం ఎవరి అక్రమం గురించి రాయాలో సాయంత్రం వారి దగ్గరకే పండుగ శుభాకాంక్షల ప్రకటన కోసం వెళ్లవలసి రావడం ఆ పనిలోని అసలు కష్టం.

ప్రభుత్వం ఇచ్చే అక్రిడిటేషన్ కార్డు, దానితో బస్సులో రాయితీ, ఊళ్లో పదిమంది నమస్కారం, ఇవే చాలామందికి దక్కిన ప్రతిఫలం. మద్రాసులో ఉన్న తలుపు మండలానికి వచ్చింది. జీతం మాత్రం మద్రాసు, బెజవాడ, హైదరాబాదు దాటి మండలానికి రాలేదు. సేవకు జీతం అడగకూడదన్న పాతకాలపు భావన ఇక్కడ యజమానులకు బాగా అక్కరకొచ్చింది. స్వాతంత్ర్యోద్యమ కాలపు త్యాగాన్ని లాభాలు వచ్చే వ్యాపారం కోసం అడగడం న్యాయం కాదు. ఈ మాట మన పిల్లలకు ముందే తెలియాలి.

పౌర సంబంధాల దారి

రాత వచ్చినవాడికి రెండో దారి పౌర సంబంధాలు. ఇంగ్లీషులో 'పబ్లిక్ రిలేషన్స్' అనేదానికి ప్రభుత్వం 'పౌర సంబంధాలు' అని పేరు పెట్టింది. జిల్లాకో పౌర సంబంధాల అధికారి, ఆయన కింద సహాయకులు. ప్రచార వాహనం ఊరికి వచ్చి తెర కట్టి డాక్యుమెంటరీ సినిమా చూపడం, పంచాయతీ రేడియో బాగోగులు చూడటం, కలెక్టరు సమావేశం ముగిసేలోపే పత్రికా ప్రకటన తయారుచేయడం వీరి పనిగా ఉండేది. అరవై దాటిన మన సభ్యులకు బడి మైదానంలో ఆ తెర గుర్తుండే ఉంటుంది.

దేశంలో ఈ వృత్తివారి సంఘం పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 1958లో ఏర్పడింది. ఏప్రిల్ 21ని జాతీయ పౌర సంబంధాల దినంగా జరుపుకుంటారు. మన రాష్ట్రంలో సమాచార, పౌర సంబంధాల శాఖ డైరెక్టరుగా పనిచేసిన డా. సి.వి. నరసింహారెడ్డిగారు ఈ పనిని ఒక శాస్త్రంగా బోధించి, పాఠ్యగ్రంథాలు రాశారు. సింగరేణి, విశాఖ ఉక్కు, ఆర్టీసీ, దక్షిణ మధ్య రైల్వే, తిరుమల తిరుపతి దేవస్థానం వంటి సంస్థల్లో ఈ ఉద్యోగాలు వచ్చాయి. పత్రికలో పదేళ్లు పనిచేసి, పిల్లలు పెద్దవుతున్నప్పుడు నిలకడైన జీతం కోసం ఇటు మారినవారు చాలామంది. 1990ల తర్వాత హైదరాబాదులో ప్రైవేటు ఆసుపత్రులు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు, ప్రకటనల ఏజెన్సీలు పెరిగి కార్పొరేట్ కమ్యూనికేషన్స్ అన్న పేరుతో మరిన్ని కొలువులు వచ్చాయి. ముంబయిలో తయారైన సబ్బు ప్రకటనకు తెలుగు మాట రాసేదీ అక్షరం మీద బతికేవాడే.

రెండు పనులకూ తేడా గుర్తుంచుకోవాలి. విలేకరి పాఠకుడి పక్షాన అడుగుతాడు, పౌర సంబంధాల అధికారి సంస్థ పక్షాన చెబుతాడు. రెండూ గౌరవమైనవే, రెంటిలోనూ అబద్ధం చెబితే ఎక్కువకాలం నిలవదు. ఒకే మనిషి ఒకేసారి రెండూ చేస్తానంటే మాత్రం చెడేది పాఠకుడే.

పోయిన కొలువులు

వచ్చినవి చెప్పుకున్నాక పోయినవి కూడా చెప్పుకోవాలి. గుణింతాలకు, ఒత్తులకు వేర్వేరు సీసం అక్షరాలు వందల గళ్లలో పేర్చుకుని, చూడకుండానే ఏరగలిగిన తెలుగు కంపోజిటర్ అపురూపమైన పనివాడు. కంప్యూటరు, డి.టి.పి. వచ్చాక ఆ పని పోయింది. ప్రూఫ్ రీడర్ కుర్చీ కూడా ఆ వెనకే పోయింది. ఈనాటి అచ్చుతప్పులు చూస్తే ఆ కుర్చీ విలువ తెలుస్తుంది. 'ఆంధ్రపత్రిక' 1991లో, 'ఉదయం' 1995లో మూతపడ్డాయి. 'ఆంధ్రజ్యోతి' 2000 చివర ఆగిపోయి 2002లో మళ్లీ వచ్చింది. ఆ రెండేళ్లూ ఎన్ని ఇళ్లు ఎలా గడిచాయో ఆ ఇళ్లకే తెలుసు. 2020లో కరోనా వచ్చినప్పుడు పేజీలు తగ్గాయి, జిల్లా అనుబంధాలు కుదించుకుపోయాయి, ఉద్యోగాలూ పోయాయి. పత్రికలో చేరేవాడు మరో పని కూడా చేతిలో పెట్టుకోవాలని పెద్దలు చెప్పింది ఊరికే కాదు.

మన పిల్లలకు నాలుగు మాటలు

వీరేశలింగంగారి కాలం నుంచి చూస్తే యంత్రాలు మారాయి, ఊళ్లు మారాయి, యజమానులు మారారు. మారనిది ఒకటే. ఒక విషయాన్ని సరిగ్గా అర్థం చేసుకుని, పదిమందికీ తెలిసే తెలుగులో, చెప్పిన సమయానికి రాసి ఇవ్వగలిగినవాడికి ఎక్కడో ఒకచోట పని దొరుకుతూనే ఉంది. టెలిప్రింటర్ కాలంలో సబ్ ఎడిటర్ అన్నారు, తర్వాత కాపీరైటర్ అన్నారు, రేపు మరో పేరు పెడతారు. ఈ పనికి పునాది పడేది బడిలోనే, తెలుగు, ఇంగ్లీషు రెండు పీరియడ్లలోనూ.

కనుక ఈ దారిలో నడవాలనుకునే పిల్లలు రోజూ ఒక ఇంగ్లీషు వార్తను తీసుకుని పది వాక్యాల తెలుగు చేయండి. నెల తిరిగేసరికి తేడా మీకే తెలుస్తుంది. డిగ్రీ ఏదైనా పూర్తిచేయండి. జర్నలిజం పాఠశాలల ప్రకటనలు, విశ్వవిద్యాలయాల కోర్సులు చూసుకోండి. ఎవరైనా విలేకరిగా తీసుకుంటామంటే నియామక పత్రం, జీతం అంకె అడగండి. గుర్తింపు కార్డు ఇస్తాం, దానికి డిపాజిట్ కట్టమంటే లేచి వచ్చేయండి. అడిగితే గౌరవం తగ్గుతుందేమోనని మొహమాటపడవద్దు.

ఉపాధ్యాయులకు, సంఘ సభ్యులకు కూడా ఒక మనవి. మన బడిలో ఒకప్పుడు గోడపత్రిక ఉండేది. పిల్లలే రాసి, పిల్లలే అంటించి, తప్పులు మాస్టార్లు ఎర్రసిరాతో దిద్దేవారు. స్వర్ణోత్సవ కార్యక్రమాల జాబితాలో దాన్ని మళ్లీ మొదలుపెట్టడం కూడా చేర్చాలి. ఒక బోర్డు, నాలుగు కాగితాలు, నెలకు రెండు గంటలు దిద్దిపెట్టే మనిషి ఉంటే చాలు. పత్రికల్లో, పౌర సంబంధాల్లో పనిచేసిన మన పూర్వ విద్యార్థులు వంతులవారీగా వచ్చి దిద్దితే, ఈ వృత్తిలో ఉన్న వెలుగూ చీకటీ రెండూ పిల్లలకు వారి నోటనే తెలుస్తాయి. మొదటి సంచికకు ఎర్రసిరా పెన్ను నేను తెస్తాను.